వెదకువారికి మన అంగడి దొరకు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు, భారతమునుండియో మనుచరిత్రమునుండియో ఒక ఘట్టమును చెప్పుదునని తలచి యుందురు. నేను గురుముఖమున చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు గురువులు. కావున వారి కోరిక సహజమే. కాని గడచిన సంవత్సరమంతయు నా మనస్సును పట్టి యుంచిన విషయము వేఱు. మన ఊరి చిన్న వర్తకుడు వెబ్‌సైటు పెట్టుకొనినను, గూగుల్‌లో వెదకువారికి అది ఏల కనబడదు? కనబడవలెనన్న ఏమి చేయవలెను? ఇదియే నేటి ప్రసంగము. వెనుక వరుసలోనివారు నవ్వుచున్నారు. కొంచెము ఓపిక పట్టుడు. ఇది గ్రంథాలయమునకు సంబంధించిన మాటయే యని తుదకు మీరే ఒప్పుకొందురు.

మా తండ్రిగారు ఈ గ్రామ కరణములు. 1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసిన నాటికి నేను బడికి పోవు బాలుడను. పదవి పోయినను లెక్క వ్రాయు అలవాటు మా ఇంట పోలేదు. నేడు మిరప వర్తకులకును, పత్తి కొనుగోలుదారులకును చిట్టా ఆవర్జాలు వ్రాసి జీవించుచున్నాను. కరణములను గూర్చి సుమతి శతకకారుడు చెప్పినది మీలో చాలమందికి కంఠస్థము. దానిని ఈ పూటకు మఱచి పొండని మనవి.

మా అన్నగారు గతించిన పిదప, మా వదినగారును ఆమె కుమారుడును ఇంటి వెనుక చిన్న మర పెట్టి, కారము ఆడించి అమ్ముకొనుచున్నారు. ఆమె పెట్టు కొరివికారపు రుచి మీలో పలువురెఱుగుదురు. హైదరాబాదున నున్న మన ఊరివారు పండుగకు వచ్చి డబ్బాలతో తీసికొని పోవుదురు. ఈ వ్యాపారమును పొలిమేర దాటింపవలెనని మావాడు వెబ్‌సైటు పెట్టించెను. నిర్మించిన వారికి 18,000 రూపాయలు. అటుపిమ్మట మఱియొకరు ఫోను చేసి, గూగుల్‌లో మొదటి స్థానమున నిలిపెదము, నెలకు 6,000 రూపాయలిండు అనిరి. మావాడు ఐదు నెలలు ఇచ్చెను. సంవత్సరాంతమున నేను లెక్క తీయగా మొత్తము వ్యయము 48,000. ఆ దారిన వచ్చిన ఆదాయము శూన్యము. ఆ యేడే మర మోటారు కాలిపోగా మార్చుటకు వారు వడ్డీకి అప్పు తెచ్చియుండిరి. లెక్క చూపి అడుగగా కుఱ్ఱవాడు తల వంచుకొని, “బాబాయ్, మన కొట్టు పేరే కొట్టి చూసినా మనది రావటం లేదు” అనెను.

పేరు చెప్పి పిలిచినను పలుకకుండుట నాకు వింతగా తోచెను. తెలియని అంశముపై సొమ్ము వ్యయమైనప్పుడు ఆ అంశమును చదువుట లెక్క వ్రాయువాని ధర్మము. గూగుల్ సంస్థవారే చిన్న వర్తకులకై వ్రాసి ఉచితముగా నుంచిన సూచనలు కలవు. వానిని ఈ గ్రంథాలయపు కంప్యూటరు ముందు కూర్చుండి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, నెల దినములు చదివితిని. మొదటి స్థానమును ఎవరును హామీ ఇయ్యజాలరని వారే స్పష్టముగా వ్రాసియున్నారు. ఆ ఒక్క వాక్యము ముందుగా చదివియుండిన 30,000 రూపాయలు మిగిలెడివి.

మన గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకము వచ్చినదనుకొందము. గ్రంథపాలకుడు దానిని చేత పట్టి చూచును. పిదప రిజిస్టరులో నెక్కించి, ఏ విషయమునకు సంబంధించినదో గుర్తించి, పట్టికలో చేర్చును. చదువరి వచ్చి అడిగినప్పుడు ఆ పట్టికను చూచి, తగిన పుస్తకమును ముందుగా చేతికిచ్చును. శోధకయంత్రము చేయు పనియు ఇంతే. ఒక పుటనుండి మఱియొక పుటకు లంకె పట్టుకొని ప్రాకిపోవు ఒక ఉపకరణము దానికి కలదు. దానిని సాలెపురుగని వ్యవహరింతురు. అది చూచిన పుటలను యంత్రము తన సూచికలో నెక్కించుకొనును. మనము ఫోనులో ఒక మాట కొట్టినప్పుడు అది లోకమంతయు గాలింపదు. తన సూచికను మాత్రమే చూచును. ఈ సంగతి నాకు తెలిసిన దినమున సగము చిక్కు వీడినది. రిజిస్టరుకెక్కని పుస్తకము బీరువాలో నున్నను లేనట్టిదే కదా!

మావాని వెబ్‌సైటు రిజిస్టరుకెక్కలేదు. ఏలయన, కట్టుచున్న కాలమున సగము పనిలో నున్న పుటలు బయటివారికి కనబడకుండుటకై నిర్మాతలు ఒక గడియ వేయుదురు. నో ఇండెక్స్ అను ఆజ్ఞ యది. వర్డ్‌ప్రెస్ అను సాధనమున ఒక చిన్న గడిలో టిక్కు పెట్టిన చాలును, సూచికలో చేర్పవలదని యంత్రమునకు చెప్పినట్లగును. పని ముగిసిన పిదప ఆ టిక్కు తీయుట మఱచిరి. అనగా వాకిట పెద్ద బోర్డు కట్టి, తలుపునకు లోపల గడియ వేసికొని, బేరము రాలేదని ఐదు నెలలు విచారించితిమి. నెలనెలా సొమ్ము పుచ్చుకొనినవారు ఒక్కనాడును ఆ తలుపు త్రోసి చూడలేదు. సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనము కలదు. మన పుటలలో ఏవి సూచికకెక్కినవో, ఎక్కనివి ఏ కారణమున ఎక్కలేదో అది చూపును. వెబ్‌సైటున్న ప్రతివారును ముందుగా చూడదగినది అదియే. మేము టిక్కు తీసి, పుటను మరల చూడుమని యంత్రమునకు విన్నవించితిమి. కొన్ని దినములకు అంగడి పేరు కొట్టిన అంగడి కనబడెను. మావాడు ఇంటింటికి వచ్చి ఫోను చూపెను.

ఆ సంతోషము ఎక్కువకాలము నిలువలేదు. అంగడి పేరు తెలిసినవాడు వెదకి కనుగొనుట గొప్ప కాదు. మన పేరెఱుగక, సరుకు పేరు మాత్రమే ఎఱిగినవానికి మనము దొరకవలెను. మావాడు ఎన్నుకొనిన మాట ఏదనుకొందురు? “గుంటూరు కారం.” ఆ పేరుతో 2024 జనవరిలో మహేశ్‌బాబుగారి చిత్రము విడుదలయైనది. ఆ మాట కొట్టిన తెర నిండ పాటలు, బొమ్మలు, సంభాషణలు. వానికి క్రింద పెద్ద పెద్ద మసాలా సంస్థలు. వీరందఱిని త్రోసికొని మా వదినగారు ముందునకు వచ్చుట ఎట్లు? ఆ మాటపై నెలకు ఆఱువేలు కాదు, అఱువదివేలు పెట్టినను ఫలము లేదు.

అప్పుడు నాకు అమరకోశము జ్ఞప్తికి వచ్చెను. ఒక వస్తువునకు ఎన్ని పేర్లో దానిని వల్లించినవారికి తెలియును. తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును అందులకే రచించెను. మనము కొరివికారమనుదుము, పై ప్రాంతములవారు దానినే పండుమిర్చి పచ్చడి యందురు. మనము గొడ్డుకారమనుదుము, పట్టణమున పెరిగిన బిడ్డ ఆ మాట వినియే యుండదు, మిరపపొడి యని వెదకును. విదేశమున నున్నవారు తెలుగు మాటనే ఆంగ్లాక్షరములతో, ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా కొట్టుదురు. మంచి గ్రంథపాలకుడు ఒకే పుస్తకమునకు రెండు పేర్లున్నచో రెండవ పేరు క్రింద “మొదటి దానిని చూడుడు” అని ఒక కార్డు వ్రాసి పెట్టును. మేమును అట్లే చేసితిమి. పుట శీర్షికలో కొరివికారము, పండుమిర్చి పచ్చడి, మన ఊరి పేరు, సత్తెనపల్లి పేరు చేర్చితిమి. వెదకినవానికి ముందుగా కనబడునది ఆ శీర్షికయే. అంతకుపూర్వము అచ్చట ఆంగ్లమున “హోమ్” అని మాత్రమే యుండెడిది.

మఱియొక విచిత్రమును కనుగొంటిమి. ఆ వెబ్‌సైటున తెలుగు చాల ఉన్నదని మావాని నమ్మకము. చూచితిని. తెలుగంతయు బొమ్మలే. డబ్బాపై అంటించు చీటీలను అచ్చుపనివారు అను ఫాంటులలో కూర్చి బొమ్మలుగా నిచ్చిరి; ఆ బొమ్మలనే పుటలపై అతికించిరి. మన కంటికి అది అక్షరము. యంత్రమునకు రంగుల మచ్చ. ఆ ఫాంటులోని మాటలను నకలు తీసి పెట్టినను అవి అర్థము లేని ఆంగ్లాక్షరములుగా మాఱును. యంత్రము చదువగల తెలుగు యూనికోడ్ తెలుగు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతియందే మన లిపికి స్థానము లభించినది. మనము నేటికిని దానిని వాడుకొనమైతిమి. తెలుగున పరిపాలన సాగవలెనని జీవితమంతయు శ్రమించిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు (1906–2003) పుట్టిన సత్తెనపల్లిలో, అంగళ్ల పుటలన్నియు ఆంగ్లమున ఒకే పడికట్టు వాక్యముతో మొదలగుట చూచి నాకు కష్టము తోచెను. నాణ్యతకు మాఱుపేరు మేమేనట. అందఱును మాఱుపేర్లే యైన అసలు పేరు ఎవరిది?

మావాని పుటయందును అదే వాక్యము. దాని అడుగున తెల్లని నేలపై తెల్లని అక్షరములతో “గుంటూరు మిర్చి, గుంటూరు మిర్చి” యని నలుబది మార్లు వ్రాయబడియుండెను. చదువరికి కనబడదు, యంత్రమునకు కనబడునట. ఇది పాత యుక్తి, చెల్లని యుక్తి. పుట వెనుక దాచి వ్రాయు కీలకపదముల పట్టీని తాము వరుస నిర్ణయమున లెక్కలోనికి తీసికొనమని గూగుల్‌వారు 2009లోనే ప్రకటించిరి. సారము లేని పుటలను 2011లోను, కొనిన లంకెలతో పైకి వచ్చినవానిని 2012లోను పెద్ద సవరణలు చేసి క్రిందికి నెట్టిరి. అవి కనుగొనినచో అంగడికి శిక్షయే గాని లాభము లేదు. ఆ నలుబది మిర్చులను నేనే స్వయముగా తుడిచివేసితిని.

మఱి ఆ చోట ఏమి వ్రాయవలెను? మా వదినగారిని కూర్చుండబెట్టి, మీరు చేయునది చేయునట్లే చెప్పుడంటిమి. ఆమె చెప్పుచుండగా మావాడు కొట్టెను. ఘాటునకు తేజ ఎందుకో, మన సన్నము ఏ కూరకో, రంగునకు బ్యాడిగి ఎంత కలుపవలెనో చెప్పెను. తాలుకాయ ఒక్కటి పడినను పొడి రంగు ఎట్లు తేలిపోవునో, తొడిమలు తీయు ఆడవారికి దినమునకు ఎంత పని తెమలునో చెప్పెను. పండుమిరపకాయను కడిగి, తడి యార్చి, ఉప్పును చింతపండును చేర్చి దంచి జాడీకెత్తు క్రమము, కావలసినప్పుడు తీసి వెల్లుల్లియు మెంతిపొడియు వేసి నూఱి తిరగమోత పెట్టు క్రమము చెప్పెను. తడి మిగిలిన బూజు పట్టునని మూడు మార్లు చెప్పెను. నడుమ ఆగి, “మరిదిగారూ, గుట్టంతా బయట పెడితే ఇంక కొనేదెవరు?” అని అడిగెను.

న్యాయమైన ప్రశ్న. నేను వెంటనే ఉత్తరమీయలేకపోతిని. రాత్రి ఆలోచించి మఱునాడు చెప్పితిని: వంట పుస్తకము చదివినవారందఱును వండుకొనరు, చేయి తిరిగినదని తెలిసినవారి చేతి వంట తినగోరుదురు. ఆమె అర్ధాంగీకారముతో ఒప్పుకొనెను. ఉప్పు పాలు మాత్రము చెప్పలేదు. ఇప్పటికిని చెప్పదు.

ఆ పుట ఏ ఇతర అంగడి పుటకును నకలు కాదు. అదియే దాని బలము. ఒకే వాక్యము వేయి పుటలలో నున్నప్పుడు వేయింటిలో నొకదానిని ముందుంచుటకు యంత్రమునకు కారణము దొరకదు. మా వదినగారి మాట ఆమె పుటయందు మాత్రమే యున్నది. తడి మిగిలిన పచ్చడికి బూజు ఏల పట్టునని వెదకువాడు ఆ పుటను చేరును. చేరి, డబ్బా ధర అడుగును.

ఇక వరుసను నిర్ణయించు మఱియొక అంశము సాక్ష్యము. ఇది సాహిత్యప్రియులకు సులభముగా బోధపడును. 17వ శతాబ్దమున అప్పకవి లక్షణగ్రంథము వ్రాయుచు, ఒక ప్రయోగము సాధువని చూపుటకు పూర్వకవుల పద్యములను ఉదాహరించెను. ఎవరి ప్రయోగములను తఱచుగా పెద్దలు ఉదాహరింతురో ఆ కవి ప్రమాణమగును. ఆ ఉదాహరించువాడును ప్రమాణ పురుషుడైనచో విలువ మఱింత పెరుగును. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇరువురు విద్యార్థులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ప్రకటించిన సిద్ధాంతము దీనికి దగ్గఱ. ఒక పుట మఱియొక పుటకు లంకె వేసినచో అది ఒక సాక్ష్యము. సాక్షి గొప్పవాడైన కొలది సాక్ష్యము బరువు పెరుగును. నేడు వారు వందలకొలది ఇతర గుర్తులను చూచుచున్నను ఈ మూలము పోలేదు. కూలి సాక్షులు పదిమంది కంటె ఊరి పెద్దమనిషి ఒక్కడు మేలని మా తండ్రిగారు తగవులలో చెప్పెడివారు. కొందఱు తెలుగు వికీపీడియాలో దూరి తమ అంగడి లంకె అంటించి వచ్చుచున్నారు. అందువలన ప్రయోజనము లేదు. వికీపీడియా బయటి లంకెలను వరుస లెక్కకు తీసికొనవలదని 2007 నుండి యంత్రములకు గుర్తు పెట్టియుంచుచున్నారు. పైగా ధర్మార్థము నడచు గ్రంథమును పాడు చేసిన పాపము. మాకు దొరకిన మొదటి నిజమైన సాక్ష్యము, హైదరాబాదున వంటలను గూర్చి వ్రాయు ఒక గృహిణి తనంత తాను వేసిన లంకె. ఆమె డబ్బా కొనెను, మేము అడుగలేదు.

పటముపై అంగడిని నమోదు చేయుట వెబ్‌సైటు కంటెను ముందు చేయదగిన పని. దానికి పైకము అక్కఱలేదు. అచ్చట వరుసకు మూడు ముఖ్యాంశములని గూగుల్‌వారే చెప్పుదురు: అడిగినదానికి మన సరుకు తగియుండుట, దూరము, ప్రసిద్ధి. దూరమును మనము మార్చలేము. కాని చిరునామాను సరిగా వ్రాయగలము. ఇచ్చట మనవారు తఱచు తప్పుదురు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినది. పటముపై పల్నాడు, వెబ్‌సైటున గుంటూరు, బిల్లు పుస్తకమున మఱియొకటి. సత్తెనపల్లి పేరును ఆంగ్లమున కొందఱు చివర ‘ఐ’తో, కొందఱు ‘ఇ’తో వ్రాయుదురు. ఫోను నంబరు మాఱినను పాతది అట్లే యుండును. ఒకే మనిషికి మూడు పేర్లున్న పట్టాదారు పుస్తకమువలె నుండును వ్యవహారము; యంత్రమునకు అనుమానము, కొనువానికి విసుగు. అన్నిచోట్ల ఒకే పేరు, ఒకే చిరునామా, ఒకే నంబరు ఉంచి, “పూర్వపు గుంటూరు జిల్లా” యని ఒక్క మాట చేర్చిన పాతవారికిని దారి దొరకును.

ఈ సందర్భమున మా ఇంట చిన్న కలహము జరిగెను. పటముపై గుర్తును గుంటూరు మిరప యార్డు దగ్గఱ పెట్టుదమని మావాడనెను. గుంటూరు సన్నము పేరు 1999 నాటి చట్టము క్రింద భౌగోళిక గుర్తింపు పొందినది; మన నేల పంటకును ఆ పేరుపై హక్కు కలదు. సన్నము వాడినచోట సన్నమని వ్రాయుము; కాని లేనిచోట అంగడి ఉన్నదని వ్రాయకుము అంటిని. నాలుగు దినములు నాతో మాటలాడలేదు. సొమ్మునకు ఏబది మెచ్చుకోళ్లు వ్రాయింతుమని అంతకుముందే ఒకరు ఆశ చూపియుండిరి. అదియును వలదంటిని. 2022లో భారతీయ ప్రమాణముల సంస్థ కొనుగోలుదారుల సమీక్షలను గూర్చి ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించినది. దొంగ సమీక్షలను అరికట్టుటయే దాని ఉద్దేశము. నా అభ్యంతరము మాత్రము అంతకంటె పాతది. రాని సొమ్మును జమ వ్రాసిన చిట్టాను నేను ఎన్నడును సంతకము చేయలేదు. ఇప్పుడు ప్రతి డబ్బాతో, రుచి ఎట్లున్నను ఉన్నట్లు వ్రాయుడని ఒక చీటీ పంపుచున్నాము. ఇంతవరకు పదునాఱుగురు వ్రాసిరి. ఒకరు ఉప్పెక్కువ యనిరి. వదినగారు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. పిమ్మట ఆ వ్యాఖ్య క్రిందనే బదులు వ్రాయించి, మఱియొక డబ్బా పంపించిరి.

పుటలు తేలికగా నుండవలెనన్న మాట ఒకటి మిగిలినది. ఫోనుతో తీసిన పెద్ద ఫోటోలను అట్లే పెట్టిన పుట తెఱచుకొనులోపల చూచువాడు లేచిపోవును. ఫోటోలను కుదించి పెట్టుకొనవలెను. 2024 నుండి మన దేశమున గూగుల్ కొన్ని ప్రశ్నలకు తానే సమాధానమును కూర్చి పైన చూపుచున్నది. అందుచే పుటలకు వచ్చువారు తగ్గుదురను భయము కలదు. అది నిష్కారణము కాదు. అయినను ఆ సమాధానమును కూర్చుటకు దానికిని ఎవరో వ్రాసిన పుటలే కావలెను.

ఫలితమేమని అడుగుదురు. “గుంటూరు కారం” అను మాటకు మా అంగడి నేటికిని ఎచ్చటనో యుండును. మేము వెదకుట మానితిమి. “కొరివికారము” అను మాటను సత్తెనపల్లి పేరుతో చేర్చి కొట్టినచో మొదటి పుటలోనే వచ్చుచున్నది. ఇది నేను మొన్న చూచిన మాట. ఈ వరుస దినదినము మాఱును, చూచువాని చోటును బట్టియు మాఱును. గత మాఘమునుండి నెలకు ఇరువది ముప్పది డబ్బాలు ఆ దారిన పోవుచున్నవి. మోటారు అప్పులో సగము తీఱినది. 48,000 ఇంకను రాలేదు. దానిని నష్టముల పద్దులోనే ఉంచితిని.

సభ్యులకు ఒక మనవి. ఈ గ్రంథాలయమునకును పటముపై గుర్తు లేదు. పేరు కొట్టిన మఱియొక ఊరి గ్రంథాలయము వచ్చుచున్నది. కార్యదర్శిగారి అనుమతితో ఆ నమోదును నేను మొదలుపెట్టితిని. మన పుస్తకముల పట్టికను యూనికోడ్ తెలుగున కొట్టుటకు ఇద్దఱు విద్యార్థులు ఒప్పుకొనిరి. ‘క’కారము వఱకు వచ్చినది. ఆదివారము ఉదయము తొమ్మిదింటినుండి పండ్రెండింటి వఱకు నేను పఠనమందిరమున కూర్చుందును. అంగళ్లవారు తమ ఫోనును, బోర్డుపై నున్న పేరును ఒక కాగితముపై తెలుగునను ఆంగ్లమునను వ్రాసికొని, ఆహార వస్తువులవారు తమ ఆహార భద్రతా నమోదు పత్రముతో సహా రావలెను. కుట్టుపనివారు, విత్తనముల కొట్లవారు, మోటార్లు చుట్టువారు ఎవరైనను రావచ్చును. పైకము పుచ్చుకొనను. మా వదినగారి డబ్బాలు మాత్రము బల్ల ప్రక్కన ఉండును. వానికి వెల కలదు.